పదిహేనేళ్ల శాంత్రోకు ఏ పార్టులు ముందు మార్చాలి?

ప్రశ్న: నమస్తే సార్. నేను ములుగు జిల్లా గోవిందరావుపేట మండలంలో టీచర్‌ను. ఇల్లు హనుమకొండలో. మా మామగారి దగ్గర 2018లో తీసుకున్న 2011 మోడల్ శాంత్రో జింగ్ ఉంది. పెట్రోల్ బండి, ఏపీ 36 నంబరు, 88 వేల కిలోమీటర్లు తిరిగింది. ఈ మధ్యే ఆర్‌సీని ఇంకో ఐదేళ్లకు రెన్యువల్ చేయించాను. పాత సర్వీసు కాగితాలేవీ లేవు. మొన్న మే నెలలో మధ్యాహ్నం రెండింటికి మల్లంపల్లి దాటాక ఉన్నట్టుండి ఇంజిన్ ఆగిపోయింది. గుండె జబ్బున్న మా అమ్మ అప్పుడు బండిలోనే ఉంది. అరగంట తర్వాత దానంతట అదే స్టార్టయింది. మెకానిక్ చూసి "ఏం లేదు సార్, ఏదన్నా పోయినప్పుడు మారుద్దాం" అన్నాడు. మా బావమరిది అమ్మేసి కొత్తది తీసుకొమ్మంటున్నాడు. తోటి టీచర్ ఒకాయన ముందుజాగ్రత్తగా పార్టులన్నీ మార్పించెయ్యమంటున్నాడు. రెండు నెలలకోసారి అమ్మను హైదరాబాద్ చెకప్‌కు తీసుకెళ్లాలి. నా దగ్గర 25 వేలున్నాయి. ఏవి ముందు మార్చాలి? - ఒక ఉపాధ్యాయుడు, హనుమకొండ

జవాబు: సార్, నమస్తే. మే నెల మధ్యాహ్నం, ఆ రోడ్డు మీద, వెనక సీట్లో తల్లిని పెట్టుకుని అరగంట కూర్చోవడం ఎంత టెన్షనో నాకు తెలుసు. అందుకే మీకు కాస్త వివరంగానే రాస్తున్నాను.

పోయినప్పుడు మారుద్దామన్న మెకానిక్ మాట కొన్ని పార్టులకు సరిపోతుంది. అన్నీ మార్చెయ్యమన్న మీ తోటి టీచర్ మాట దేనికీ సరిపోదు. ప్రతి పార్టు దగ్గరా రెండే ప్రశ్నలు వేసుకోండి. ఇది పోయే ముందు చెప్పి పోతుందా, చెప్పకుండా పోతుందా? పోతే నేను ఇంటికి చేరగలనా, రోడ్డు మీదే ఆగిపోతానా? చెప్పకుండా పోయేది, పోతే రోడ్డు మీద నిలబెట్టేది లేదా పక్కనున్న ఖరీదైనదాన్ని కూడా పాడుచేసేది ఏదైతే ఉందో, దాన్ని బాగున్నప్పుడే మార్చాలి. నెలల ముందు నుంచే కూతపెట్టి, ఊగి, కారి తెలియజేసేవాటిని గమనిస్తూ ఉండొచ్చు. బ్రేకుల లెక్క మాత్రం వేరు, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

కానీ అంతకంటే ముందు మల్లంపల్లి సంగతి తేలాలి. అది ముందుజాగ్రత్త పని కాదు. మీ బండికి ఇప్పటికే ఉన్న జబ్బు. జబ్బేదో తెలియకుండా పార్టులు మారుస్తూ పోతే 25 వేలూ అయిపోతాయి, వచ్చే మే నెలలో బండి మళ్లీ అక్కడే ఆగుతుంది.

వేడి మీద ఆగిపోయి, చల్లబడ్డాక ఏమీ జరగనట్టు స్టార్టయ్యే బండి విషయంలో నా అనుమానం ముందు రెండింటి మీదకు పోతుంది. ఒకటి క్రాంక్ సెన్సర్. ఇంజిన్ ఏ స్థితిలో తిరుగుతోందో కంప్యూటర్‌కు చెప్పేది ఇదే. దీని లోపల సన్నని తీగచుట్ట ఉంటుంది. పాతబడితే వేడికి ఎక్కడో కనెక్షన్ తెగుతుంది, చల్లారాక మళ్లీ కలుస్తుంది. సెన్సర్ పలకకపోతే కంప్యూటర్ ఇంజిన్‌ను నడపదు. రెండోది పెట్రోల్ ట్యాంకులో మునిగి ఉండే ఫ్యూయల్ పంపు. దాని చుట్టూ ఉన్న పెట్రోలే దాన్ని చల్లగా ఉంచుతుంది. ట్యాంకులో పెట్రోలు అడుగంటి ఉన్నప్పుడు, పైన 44 డిగ్రీల ఎండ ఉన్నప్పుడు అరిగిపోయిన పంపు వేడెక్కి మొరాయిస్తుంది. ఆ రోజు పెట్రోలు ముల్లు ఎక్కడుందో, టెంపరేచర్ ముల్లు ఎక్కడుందో గుర్తు తెచ్చుకోండి. ఆ రెండూ మీ మెకానిక్‌కు చాలా పనికొస్తాయి.

ఆయన "ఏం లేదు" అనడంలో తప్పు లేదు. చల్లబడిన బండిలో ఆయనకు ఏమీ కనపడదు మరి. అందుకని బండిని గంటసేపు ఎండలో తిప్పి, వేడి మీదే షెడ్డుకు తీసుకెళ్లండి. స్కానర్ పెట్టి పాత ఎర్రర్ కోడ్‌లు చూడమనండి. పీ 0335 అని వస్తే అది క్రాంక్ సెన్సర్ సర్క్యూట్ కోడ్. బండి ఆగిపోయిన స్థితిలో దొరికితే ఇంకా మేలు: సెల్ఫ్ కొడుతున్నప్పుడు స్కానర్‌లో ఆర్‌పీఎం (ఇంజిన్ తిరిగే వేగం) సున్నా దగ్గరే ఉంటే సెన్సర్ మీద అనుమానం గట్టిపడినట్టే. సెన్సర్ బాగుంటే ఫ్యూయల్ ప్రెషర్ గేజ్ పెట్టి, ఇంజిన్ బాగా వేడి మీదున్నప్పుడు ప్రెషర్ పడిపోతోందేమో చూడమనండి. బ్యాటరీ టెర్మినళ్లు, ఎర్త్ వైరు, మెయిన్ రిలే కూడా ఆ పనిలోనే ఒకసారి కదిపి చూడాలి. ఒక్కోసారి ఇంత హడావిడీ వదులైన ఎర్త్ బోల్టుతోనే తీరిపోతుంది. ఈ పరీక్షల కోసం ఒకరోజు లేబర్ అదనంగా అడిగితే ఇచ్చెయ్యండి. మీరు పెట్టే డబ్బులో అంతకంటే సార్థకమైన ఖర్చు ఉండదు.

ఇక ముందుగా మార్చాల్సినవాటి సంగతి.

మీ బండి 88 వేలే తిరిగిందని ధీమాగా ఉండకండి. ఇనుముకు కిలోమీటర్ల లెక్క, రబ్బరుకు ఏళ్ల లెక్క. బండి షెడ్డులో కదలకుండా ఉన్నా రబ్బరు వయసు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. బోనెట్ కింది వేడికి, మన ఎండలకు ఇంకా త్వరగా గట్టిపడుతుంది. మా నాన్న కాజీపేట డీజిల్ లోకోషెడ్‌లో ఫిట్టర్‌గా చేశాడు. బేరింగులో చప్పుడును స్పానర్ చెవికి ఆనించి వినేవాడు, రబ్బరు హోసు మీద మాత్రం తేదీ చూసేవాడు. "బేరింగు మాట్లాడుతది బిడ్డా, రబ్బరు మాట్లాడదు" అనేవాడు. పాత కారు గురించి నాకు తెలిసినదంతా ఆ మాట నుంచే మొదలైంది.

మీ శాంత్రోలో మాట్లాడకుండా పోయే రబ్బరు టైమింగ్ బెల్టు. శాంత్రో జింగ్ 1.1 లీటర్ ఇంజిన్‌లో కింద తిరిగే క్రాంక్‌నూ పైన వాల్వులను తెరిచి మూసే క్యామ్‌నూ కలిపి నడిపేది పళ్లున్న ఈ రబ్బరు బెల్టే. మారుతి కె సిరీస్ ఇంజిన్లలో, ఐ10 1.2 కప్పా ఇంజిన్‌లో దీని బదులు ఇనుప చైన్ ఉంటుంది. దానికి ఆయిల్ వేళకు మారిస్తే చాలు. మీది బెల్టు బండి. అది తెగిందంటే ఇంజిన్ ఆ క్షణంలోనే ఆగిపోతుంది. క్యామ్ ఆగిపోయినా క్రాంక్ ఇంకా తిరుగుతూనే ఉంటుంది కాబట్టి, పైకి వచ్చే పిస్టన్లు తెరిచి ఉన్న వాల్వులను కొట్టి వంచే ప్రమాదం ఉంది. అప్పుడు వాల్వులుండే ఇంజిన్ పైభాగం, అంటే హెడ్, దింపాల్సిందే. మల్లంపల్లి దగ్గర అరగంట తర్వాత స్టార్టయినట్టు అప్పుడు స్టార్టవదు.

మీ దగ్గర కాగితాలు లేవు కాబట్టి ఆ బెల్టు ఎప్పుడూ మార్చలేదనే అనుకోండి. మామగారిని ఒకసారి అడగండి. ఆయనకు కచ్చితంగా గుర్తుండి, బిల్లు దొరికితే సరే. "మార్పించినట్టే గుర్తు" అంటే మాత్రం లెక్కలోకి తీసుకోవద్దు. పైకవరు తీసి చూస్తే బెల్టు నల్లగా నిగనిగలాడుతూ కనిపించొచ్చు. దాన్ని చూసి మోసపోవద్దు. పగుళ్లు ముందు పళ్ల మొదళ్లలో, లోపలివైపు మొదలవుతాయి. అక్కడ బెల్టును వెనక్కి మడిచి చూస్తే తప్ప కనపడవు. బెల్టుతోపాటు దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ బేరింగు కూడా మార్పించండి. కొత్త బెల్టు పక్కన పాత బేరింగు బిగిసిపోతే కొత్త బెల్టే తెగుతుంది. అక్కడిదాకా విప్పారు కాబట్టి క్రాంక్, క్యామ్ ఆయిల్ సీళ్ల దగ్గర తడి ఉందా, వాటర్ పంపు ఊగుతోందా, కారుతోందా అని కూడా చూడమనండి. అనుమానం ఉంటే అప్పుడే మార్చెయ్యండి. లేబర్ ఒక్కసారి పడితే చాలు.

ఈ పని చేయించేటప్పుడు మీరు దగ్గరుండండి. కొత్త బెల్టు వేశాక మంచి మెకానిక్ వెంటనే సెల్ఫ్ కొట్టడు. క్రాంక్ బోల్టుకు స్పానర్ పెట్టి చేత్తో నెమ్మదిగా రెండు చుట్లు తిప్పుతాడు. కింద పుల్లీ మీది గీత, పైన క్యామ్ గేరు మీది గుర్తు మళ్లీ వాటి చోట్లకు వచ్చి కలిశాయో లేదో వంగి చూస్తాడు. కలిస్తేనే తాళం తిప్పుతాడు. అలా చేసే మెకానిక్ దొరికితే ఆయన్ని వదులుకోకండి.

రెండోది కూలింగ్. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే దెబ్బ తిన్నవాణ్ని. కొన్నేళ్ల కిందట నా పాత వ్యాగన్ఆర్‌లో పస్రా దాటి తాడ్వాయి అడవిలోంచి పోతున్నాను. ఏప్రిల్ చివర, ఏసీ వేసి ఉంది. రేడియేటర్ కింది హోసు పైపు క్లిప్పు దగ్గర పగిలింది. నాకు తెలియలేదు. టెంపరేచర్ ముల్లు కాస్త పైకి లేచి, మళ్లీ కిందికి దిగింది. దిగింది కదా అని ఇంకో మూడు కిలోమీటర్లు నడిపాను. అక్కడే మునిగాను. సెన్సర్ నీళ్లలో మునిగి ఉన్నంతసేపే సరిగ్గా చెబుతుంది. నీళ్లన్నీ పోయాక అది ఆవిరిలో, గాలిలో వేలాడుతూ తక్కువ చూపిస్తుంది. కాలిన వాసన వచ్చి బోనెట్ ఎత్తేసరికి హెడ్ వంగింది, గ్యాస్కెట్ పోయింది. ఫోన్‌లో సిగ్నల్ లేదు. ఒక ఆర్టీసీ డ్రైవర్ బస్సు ఆపి, మా ఆవిడనూ పాపనూ ఎక్కించుకుని ములుగులో దింపాడు. ఆ తర్వాత విప్పిన హోసు ముక్కను చేత్తో నొక్కితే అప్పడం విరిగినట్టు విరిగింది. బయట చూస్తే చిన్న గీత కూడా లేదు. అంతకు రెండు నెలల ముందు సర్వీసులో మెకానిక్ కుర్రాడు "హోసులు గట్టిపడ్డయి సార్" అని చెప్పాడు. వచ్చేసారి చూద్దామన్నది నేనే. కొన్ని వందల రూపాయల హోసుకు వెనకాడి, దానికి ఎన్నో రెట్లు ఖర్చు పెట్టాను.

అందుకే చెబుతున్నాను. రేడియేటర్ పై హోసు, కింది హోసు, హీటర్ హోసులు, వాటి క్లిప్పులు, రేడియేటర్ మూత అన్నీ ఒకేసారి మార్పించండి. మూత చిన్న వస్తువని వదిలెయ్యకండి. లోపల ఒత్తిడిని ఆపేది అదే. ఒక బార్ ఒత్తిడి అదనంగా ఉంటే నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరగాల్సింది 120 డిగ్రీల దాకా మరగవు. మూత రబ్బరు వదులైతే ఆ రక్షణ పోతుంది. థర్మోస్టాట్, అంటే ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌లోకి పోనివ్వని వాల్వు, అదీ కొత్తది వేయించండి. మన దగ్గర చాలా షెడ్లలో "ఎండాకాలం సార్, ఎందుకది" అని థర్మోస్టాట్ పీకి పారేస్తారు. మీ బండిలో అసలు ఉందో లేదో చూడమనండి. అది లేకపోతే ఇంజిన్ సరిపడా వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, లోపల అరుగుదల పెరుగుతుంది. మొరాయించే థర్మోస్టాట్‌కు మందు కొత్త థర్మోస్టాట్ వేయడమే.

రేడియేటర్‌లో బోరునీళ్లు పోయనివ్వకండి. మన బోరునీళ్లతో అన్నం గిన్నెల అడుగున తెల్లటి పొర ఎలా కడుతుందో చూస్తూనే ఉన్నారు కదా, రేడియేటర్ సన్నని గొట్టాల్లోనూ అదే కడుతుంది. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోయించండి, లేదా కలిపి అమ్మే రెడీమేడ్‌ది తీసుకోండి. ఇంజిన్ వేడెక్కాక రేడియేటర్ ఫ్యాను దానంతట అది తిరిగి ఆగుతోందో లేదో బోనెట్ ఎత్తి పది నిమిషాలు నిలబడి మీరే చూడండి.

మూడోది క్లచ్ కేబుల్. శాంత్రోలో క్లచ్‌ను లాగేది ఇనుప తీగే. పెడల్ గట్టిపడిందంటే ఆ తీగలో పోగులు తెగుతున్నాయేమోనని అనుమానించాలి. గేర్‌బాక్స్ దగ్గర లివర్‌కు తగిలించే చివర టార్చ్ వేసి చూడండి, ఒకటి రెండు పోగులు విడిపోయి ముళ్లలా పైకి లేచి ఉండొచ్చు. కొన్ని వందల్లో అయిపోయే పని. తెగితే మాత్రం గేరు పడదు, బండి కదలదు. కొత్తది వేయించాక పాతది బాగుంటే డిక్కీలో పడేసి ఉంచండి.

బ్యాటరీకి మన ఎండలో మూడు నాలుగేళ్లు మంచి ఆయుష్షే. మల్టీమీటర్‌తో చూస్తే రాత్రంతా ఆపి ఉంచిన బండిలో 12.6 వోల్టుల దగ్గర, ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య ఉండాలి. నడుస్తున్నప్పుడు తక్కువ చూపిస్తే జబ్బు బ్యాటరీది కాదు, డైనమోది. దుకాణంలో లోడ్ టెస్ట్ చేయించండి. నాలుగేళ్లు దాటి, టెస్టులో అటూ ఇటూగా ఉంటే హైదరాబాద్ ప్రయాణాలు పెట్టుకుని ఇంకా లాగకండి. డైనమో బెల్టు, ఏసీ బెల్టు, ప్లగ్గులు, ప్లగ్గు వైర్లు, ఫ్యూయల్ ఫిల్టర్ పెద్ద ఖర్చు కావు, పాతవైతే మార్పించెయ్యండి.

ఇంధన పైపుల గురించి ఒక్క మాట. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 2011లో మీ బండి తయారైంది దాని కోసం కాదు. ట్యాంకు నుంచి ఇంజిన్ దాకా ఉన్న రబ్బరు ముక్కలను ప్రతి సర్వీసులో ముట్టి, వాసన చూసి, చెమ్మ కనిపిస్తే ఆలస్యం చేయకుండా మార్పించండి. పెట్రోలు కారే పైపు రోడ్డు మీద ఆపడంతో సరిపెట్టదు, నిప్పుకు దారి ఇస్తుంది.

బ్రేకుల లెక్క వేరని అన్నాను కదా. ఇక్కడ ప్రశ్న ఇంటికి చేరతామా లేదా అన్నది కాదు, బతికి చేరతామా అన్నది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 140 దాకా దిగిపోవచ్చు. మరిగిందంటే పెడల్ నేలదాకా పోతుంది. రెండేళ్లకోసారి మొత్తం తీసి కొత్తది పోయించాలి. మీ బండిలో ఎప్పుడు పోశారో తెలియదు కాబట్టి ఇప్పుడే చేయించండి. ముందు చక్రాల బ్రేక్ హోసులు పదిహేనేళ్లవి అయితే అవీ, వెనక డ్రమ్ములు విప్పి వీల్ సిలిండర్లు చెమ్మగా ఉంటే అవీ మార్పించండి. ముందు చక్రాలు లేపి లోయర్ ఆర్మ్ బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు ఊగుతున్నాయేమో చూడమనండి. బాల్ జాయింట్ ఊడితే చక్రం పక్కకు పడిపోతుంది, దాంట్లో ఊగుడు కనిపిస్తే వాయిదా వద్దు.

టైర్ల మీద నాలుగంకెల తేదీ ఉంటుంది. 2318 అని ఉంటే 2018లో 23వ వారం తయారైందని. గీతలు లోతుగా ఉన్నాయి కదా అనుకోకండి, అదీ రబ్బరే. స్టెప్నీ మీద కూడా ఈ అంకెలు చదవండి. చాలా పాత బండ్లలో స్టెప్నీ షోరూమ్‌లో వేసినదే ఉంటుంది. టైర్లు నాలుగూ మార్చాల్సి వస్తే మాత్రం మీ 25 వేల లెక్క తప్పుతుంది. కాబట్టి ముందు వాటి తేదీలే చదివి, అప్పుడు బడ్జెట్ వేసుకోండి.

ఇప్పుడు మీ తోటి టీచర్ సలహాకు వస్తాను. డైనమో, సెల్ఫ్ మోటారు, ఏసీ కంప్రెసర్, క్లచ్ ప్లేటు, షాక్ అబ్జార్బర్లు, ఇంజెక్టర్లు, వీల్ బేరింగులు బాగా పనిచేస్తుంటే ముట్టుకోవద్దు. వీల్ బేరింగు పోయే ముందు వారాల తరబడి గుయ్‌మంటుంది. షాక్ అబ్జార్బర్ ఆయిల్ కారుతుంది. సెల్ఫ్ మోటారు బరువుగా తిరుగుతుంది. ఇవన్నీ మా నాన్న చెప్పిన "మాట్లాడే" రకం. డైనమో, సెల్ఫ్ మోటార్లకు బుష్‌లు, కార్బన్‌లు మార్చి ఇచ్చే ఎలక్ట్రీషియన్లు మన వరంగల్‌లో ఇంకా ఉన్నారు, మొత్తం కొత్తది కొనక్కర్లేదు.

ఇందులో డబ్బు ఒక్కటే కాదు, ఇంకో సంగతి కూడా ఉంది. కొత్త పార్టు అంటే నమ్మకమైన పార్టు అని మనం అనుకుంటాం. 1978లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌కు చెందిన స్టాన్లీ నౌలన్, హోవర్డ్ హీప్ విమానాల మెయింటెనెన్స్ మీద అమెరికా రక్షణ శాఖకు ఒక నివేదిక ఇచ్చారు. వాళ్లు పరిశీలించిన విమాన పార్టుల్లో వందకు సుమారు 89 రకాలకు "ఇన్ని గంటలు తిరిగాక మార్చు" అన్న నియమం వల్ల లాభం లేదని తేలింది. పైగా చాలా పార్టులు బిగించిన కొత్తలోనే ఎక్కువగా చెడిపోయాయి. ఇరవై ఏళ్లుగా షెడ్ల చుట్టూ తిరుగుతూ నేను చూసిందీ అదే. బాగున్న సెన్సర్ తీసి వేసిన కొత్తది పదో రోజున పోవడం, ఏదో మార్చడానికి విప్పిన కనెక్టర్ లాక్ విరగడం, బిగించడం మరిచిన క్లిప్పు. విప్పిన ప్రతిచోటా ఒక కొత్త తప్పుకు అవకాశం ఉంటుంది. అందుకే ముందుగా మార్చేవాటి జాబితా చిన్నగా ఉండాలి.

మార్చిన రోజునే లాంగ్ ప్రయాణం వద్దనేది కూడా అందుకే. ఈ పనులు చేయించాక రెండు వారాలు హనుమకొండ, కాజీపేట, వరంగల్ మధ్యే తిప్పండి. ప్రతి ఉదయం బండి కింద నేల మీద తడి చూడండి, కూలెంట్ డబ్బాలో గీత చూడండి. ఆ తర్వాతే స్కూలు దాకా, ఇంకో వారం తర్వాత అమ్మగారితో హైదరాబాద్.

పార్టుల నాణ్యత దగ్గర పిసినారితనం వద్దు. టైమింగ్ బెల్టు, బ్రేకుల సామాను, హోసులు కంపెనీవి గానీ పేరున్న తయారీదారువి గానీ బిల్లుతో కొనండి. హ్యుందాయ్‌కి మోబిస్ ప్యాకింగ్‌లో వస్తాయి, డబ్బా మీద పార్టు నంబరు మీ బండి మోడల్‌కు సరిపోయిందో షాపులోనే చూసుకోండి. మెకానిక్‌తో ముందే చెప్పండి: "పాత పార్టులన్నీ కవర్‌లో వేసి నాకు ఇవ్వు తమ్మీ." అనుమానంతో అడుగుతున్నట్టు కాకుండా, నేర్చుకోవాలని అడుగుతున్నట్టు అడగండి. పాత హోసును చేత్తో నొక్కి చూస్తే మీకే అర్థమవుతుంది, ఇంకో సంవత్సరం ఆగి ఉంటే ఏమయ్యేదో.

మీ బావమరిది మాటను కూడా కొట్టిపారేయలేను. బండిని జాకీ మీద లేపి, కింద ఛాసిస్ దూలాలను, సస్పెన్షన్ బిగించిన చోట్లను, ఫ్లోర్‌ను స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూపించుకోండి. మనకు సముద్రపు ఉప్పుగాలి లేదు కాబట్టి తుప్పు తక్కువే ఉండాలి. కానీ అక్కడ రేకు లోపలికి దిగబడితే, లేదా ఇంజిన్ నీలం పొగ వదులుతూ ఆయిల్ తాగుతుంటే, ఈ 25 వేలు ఈ బండి మీద పెట్టకండి. ఇంకోటి. నేను చెప్పినవన్నీ చేయిస్తే బండి ఆగకుండా నడుస్తుంది, అంతే. సడన్ బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్‌ను కొత్త కార్లకు 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి చేశారు. మీ బండి అంతకు ఎనిమిదేళ్లు ముందుది. ఆ రక్షణ ఏ పార్టు మార్చినా రాదు. కాబట్టి హైదరాబాద్ హైవే మీద 80 దాటించకండి, అమ్మగారికి వెనక సీట్లో కూడా బెల్టు పెట్టండి. రాత్రి ప్రయాణం పెట్టుకోకండి. డబ్బు సమకూరిన రోజున బావమరిది మాట వినండి. అప్పటిదాకా ఈ శాంత్రోను మీరు నమ్మకంగా నడుపుకోవచ్చు.

ఒక రెండు వందల పేజీల నోట్‌బుక్ కొని గ్లవ్ బాక్సులో పెట్టండి. తేదీ, కిలోమీటర్లు, ఏ పార్టు, ఏ కంపెనీది, ఎవరు వేశారు అని ప్రతిసారీ రాయండి. బిల్లులు అదే పుస్తకంలో పిన్ను చేయండి. మామగారి దగ్గర ఇలాంటి పుస్తకం ఒకటి ఉండి ఉంటే ఈ రోజు మీకు టైమింగ్ బెల్టు గురించి ఊహించాల్సిన పని ఉండేది కాదు. మొదటి పేజీలో రాయాల్సింది మీ దగ్గర ఇప్పటికే ఉంది: మే నెల, మధ్యాహ్నం రెండు, మల్లంపల్లి, అరగంట.

డబ్బు ఖర్చయ్యే వరుస చెప్పమన్నారు. ముందు మల్లంపల్లి జబ్బు పరీక్ష, దానికి కావాల్సిన పార్టు. అదే వారం బ్రేక్ ఆయిల్, బ్రేక్ హోసులు. తర్వాత టైమింగ్ బెల్టు, టెన్షనర్, కూలింగ్ హోసులు, మూత, థర్మోస్టాట్, కూలెంట్. ఇవన్నీ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఒకే రోజు లేబర్‌తో అవుతాయి. మిగిలిన డబ్బుతో క్లచ్ కేబుల్, తర్వాత అవసరమైతే బ్యాటరీ. ప్లగ్గులు, డైనమో బెల్టు, ఏసీ బెల్టు వచ్చే నెల జీతంలో పెట్టుకోండి. ఈ పనులు అయ్యేదాకా, ముఖ్యంగా ఆగిపోవడానికి కారణం దొరికేదాకా, అమ్మగారిని చెకప్‌కు కాజీపేట నుంచి రైల్లోనే తీసుకెళ్లండి. టైమింగ్ బెల్టు విప్పిన రోజున పాతదాన్ని వెనక్కి మడిచి, పళ్ల మొదళ్లు కనిపించేలా ఒక ఫొటో తీసి నాకు పంపండి. ఎన్నేళ్లదో చూసి రాస్తాను.